ట్రాక్ మీద తొలి 10,000 మీటర్లు: వెనక నుంచి వచ్చేవారికి దారి ఇవ్వాలా?

కొత్తబాట:
రోడ్డు మీద పది కిలోమీటర్లు 45 నిమిషాల్లో పూర్తి చేస్తాను. ట్రాక్ మీద పోటీకి దిగడం ఇదే మొదటిసారి. ముందుండేవారు నన్ను ఐదారుసార్లు దాటిపోవడం ఖాయం. వాళ్లు వచ్చినప్పుడు నేను రెండో లేన్‌లోకి తప్పుకోవాలా? పాతిక చుట్లలో లెక్క తప్పితే నా గతేమిటి?

లెక్కబల్ల:
పోటీల్లో చుట్లు లెక్కపెట్టే బల్ల దగ్గర కూర్చునేవాణ్ని, కాబట్టి రెండో ప్రశ్న ముందు. లెక్క మా తలనొప్పి, మీది కాదు. అయితే ముగింపు గీత దగ్గర బోర్డు మీద కనిపించే అంకె మొదటి స్థానంలో ఉన్నవారిది. అది చూసి ఆగారో, పోటీ పోయినట్లే. వెనకబడినవారికి ఎన్ని మిగిలాయో విడిగా చెబుతాం. చివరి చుట్టుకు మీకూ గంట కొడతాం.

ఇక దారి సంగతి. తప్పుకోవాలన్న నియమమేమీ లేదు, అడ్డుపడకూడదు, అంతే. వెనక స్పైకుల (అడుగున మేకులున్న బూట్ల) టకటక వినపడగానే కొత్తవాళ్లు కంగారుపడి చటుక్కున కుడివైపు జరుగుతారు. దాటబోయేవాడు వచ్చేది సరిగ్గా అటునుంచే! కాళ్లు పెనవేసుకుని ఇద్దరూ పడతారు. మీరు లోపలి అంచు వెంబడే తిన్నగా సాగండి, పక్కనుంచి తిరిగి వెళ్లే పని వాళ్లది. పైగా రెండో లేన్‌లో పరిగెత్తితే చుట్టుకు సుమారు 7 మీటర్లు దండగ. అంచు దాటి లోపల మాత్రం అడుగు వేయకండి, మలుపుల్లో అది అనర్హత దాకా పోతుంది. కొన్ని పోటీల్లో బాగా వెనకబడినవారిని మధ్యలోనే ఆపేస్తారు, నిర్వాహకులను ముందే అడగండి.

పడినా లేచి పరిగెత్తవచ్చు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఫిన్లాండ్ పరుగువీరుడు లాస్సె విరెన్ ఇదే దూరంలో పడి లేచి, ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచాడు.

నిదానం:
పొట్టి పరుగుల్లో తుపాకీకి ముందు వినిపించే 'సెట్' అన్న మాట కోసం చూడకండి. గీత దగ్గరకు పిలుస్తారు, అందరూ కదలకుండా నిలబడగానే తుపాకీ పేలుతుంది. మీ వేగానికి చుట్టుకు 108 సెకన్లు. గుంపుతో కొట్టుకుపోయి మొదటి చుట్టు 95లో ముగించారంటే ఇరవయ్యో చుట్టులో వడ్డీతో సహా కడతారు. జీపీఎస్ దూరాన్ని నమ్మకండి, మలుపుల్లో అది తప్పుతుంది. రోడ్డు మీద వాడే మందపాటి బూట్లూ పనికిరాకపోవచ్చు: ప్రపంచ అథ్లెటిక్స్ నియమాల ప్రకారం 2024 నవంబరు 1 నుంచి ట్రాక్ పోటీల్లో అడుగు మందం 20 మిల్లీమీటర్లు మించకూడదు.

కొత్తబాట:
కృతజ్ఞతలు. మా తమ్ముడు మైదానం లోపల నా పక్కనే పరిగెత్తుతూ సమయం చెబుతానంటున్నాడు. ఫరవాలేదా?

లెక్కబల్ల:
వద్దు, వద్దు! పోటీలో లేనివాడు పక్కన పరిగెత్తితే అది సహాయం కిందకు వస్తుంది, మీ మీదే వేటు పడవచ్చు. గ్యాలరీలో కూర్చుని అరవమనండి, ఎంత గట్టిగా అరిచినా ఎవరూ ఏమీ అనరు.