అప్‌డేట్: ఎనిమిదో తరగతి పిల్లలతో ఉదయగిరి వెళ్లొచ్చాం

నెల్లూరు నుంచి ఒక్కరోజులో నలభై మంది పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలని పోయిన నెల అడిగాను కదా. బీచ్ వద్దు, ఉదయగిరి చూపించండి అన్నవాళ్లకి థ్యాంక్స్.

సుమారు వంద కిలోమీటర్ల దారి. మాట్లాడుకున్న బస్సు గంటన్నర లేటు, దాంతో కోట ఉన్న కొండ సగమే ఎక్కాం. పైన గుళ్లూ మసీదులూ రెండూ ఉన్నాయని చెప్పి కిందికి దించేశాను. ఒడిశా గజపతి రాజుల చేతిలోని ఈ కోటను కృష్ణదేవరాయలు 1514లో గెలిచి, ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లాడు. అదిప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. "మరి మనకెప్పుడు తిరిగిస్తారు సార్?" అన్నాడొకడు. నా దగ్గర జవాబు లేదు.

అసలు పిల్లలు కదలకుండా కూర్చున్నది మాత్రం చెక్క చెంచాలు చేసే ఇంట్లో. ఒకమ్మ ఆకురాయితో గరిటె అంచు రుద్దుతూ, మధ్యమధ్యలో బొటనవేలితో తడిమి చూసుకుంటోంది. ఒళ్లంతా లేత పసుపు రంగు పొట్టు. "మా అత్త దగ్గర నేర్చుకున్నా. మా పాప మాత్రం బీటెక్ చదువుతోంది" అంది నవ్వుతూ. మెషీన్ వచ్చాక కోత పని తేలికైందట, నునుపు మాత్రం ఇప్పటికీ చేత్తోనే. ఈ చెక్క చెంచాలకి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక వస్తువని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా ఉంది.

మా పిల్లలు తలా ఒక చెంచా కొన్నారు. మర్నాడు టిఫిన్ బాక్సుల్లో స్టీలు చెంచా ఒక్కటీ లేదు.