"నేనును నా యింటివారును": ఈ వాక్యంలో 'సేవించు' అంటే ఏమిటి?

మొన్న ఆదివారం అక్కావాళ్ల ఇంట్లో భోజనాలయ్యాక, నాలుగో తరగతి చదివే మేనల్లుడు హాల్లో గోడకున్న ఫ్రేము చూపించి ఒక మాట అడిగాడు. తెలుగు క్రైస్తవుల ఇళ్లకు వెళ్లినవాళ్లు ఆ ఫ్రేము చూసే ఉంటారు: "నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము." యెహోషువ 24:15. వాడన్నది ఇది: "మామయ్యా, సేవించడం అంటే తాగడం కదా?"

వాడు బడికెళ్లే దారిలో "మద్యం సేవించి వాహనం నడపరాదు" అని బోర్డు ఉంది. ఆ క్రియ వాడికి అక్కడే పరిచయమైంది. "దేవుణ్ణి ఆరాధించడం నాన్నా" అని అక్క చెప్పింది. వాడు ఒప్పుకుని ఆడుకోవడానికి వెళ్లిపోయాడు. నాకు మాత్రం ఆ జవాబు సరిపోలేదు. వారం నుంచి దీని మీదే ఉన్నాను. తేలింది ఇక్కడ పెడుతున్నాను, తప్పులుంటే సరిచేయండి.

ముందు మన మాట. సంస్కృతంలో సేవ్ ధాతువుకు కొలవడం, దగ్గరే ఉండి పరిచర్య చేయడం, ఆశ్రయించడం, అనుభవించడం, పుచ్చుకోవడం అన్నీ అర్థాలే. అందుకే ఔషధ సేవనం అంటాం, తీర్థం సేవించడం అంటాం. బోర్డు మీది ప్రయోగం తప్పు కాదు. కాకపోతే ఈ రోజు మామూలు మాటల్లో 'సేవించు' ఒక్క తాగుడు దగ్గరే మిగిలింది. సేవ అనే నామవాచకం బాగానే బతికుంది, క్రియ చిక్కిపోయింది. పిల్లవాడికి తోచింది అందుకే.

ఇప్పుడు మూలం. హీబ్రూలో ఇక్కడున్న క్రియ 'అవద్'. పాటుపడటం, పని చేయడం అనేది దీని అసలు అర్థం. ఈ ఒక్క క్రియను మన పాత అనువాదం సందర్భాన్ని బట్టి ఎన్ని రకాలుగా తెచ్చిందో చూడండి. ఆదికాండము 2:15లో దేవుడు నరుణ్ణి ఏదెను తోటను "సేద్యపరచుటకును దాని కాచుటకును" ఉంచాడు. ఆ సేద్యం అవద్. పది ఆజ్ఞల్లో విగ్రహాలను "పూజింపకూడదు" అన్నచోట ఆ పూజ కూడా అవద్. యెహోషువ దగ్గరికి వచ్చేసరికి సేవించు. అవద్ చేసేవాడు 'ఎవెద్', అంటే దాసుడు. బహువచనం అవాదీమ్.

నన్ను ఆపేసింది 24:17. మోషే తర్వాత ఇశ్రాయేలీయులను నడిపించిన యెహోషువ, ముసలితనంలో జనాన్ని పోగుచేసి, ఎవరిని సేవిస్తారో కోరుకోండి అంటాడు. ఫ్రేములోది అప్పటి మాటే. జనం జవాబు చెబుతూ, తమను ఐగుప్తులోని (ఈజిప్టులోని) దాసుల గృహం నుంచి రప్పించింది యెహోవాయే అంటారు. దాసుల గృహం అన్నదానికి మూలంలో 'బేత్ అవాదీమ్'. బేత్ అంటే ఇల్లు. బేత్లెహేము, బేతేలు అన్న పేర్లలో ఉన్నది ఇదే. రెండు వచనాల ముందు యెహోషువ అన్నది 'బేతీ', నా ఇల్లు. ఆ వెంటనే 'నఅవోద్', అవద్ చేస్తాం. ఇల్లు, దాస్యం అనే ఆ రెండు మాటలే రెండు చోట్లా ఉన్నాయి. ఫరో కింద ఇటుకలు చేసిన జనం అది దాసుల ఇల్లని చెప్పుకుంటున్నారు. అదే మాటతో ఆ ముసలాయన తన ఇంటిని యెహోవాకు రాసిచ్చేస్తున్నాడు. తెలుగులో ఒకచోట దాసులు, ఇంకోచోట సేవించు అని పడేసరికి ఈ ముడి మనకు కనబడదు.

14వ వచనం నుంచి 24వ వచనం దాకా ఈ క్రియ హీబ్రూలో 14 సార్లు వస్తుంది. ఒక్క 15వ వచనంలోనే నాలుగు సార్లు. మన తెలుగులో ఆ వచనంలో అది ఏడు సార్లు పడింది, ఎందుకంటే తెలుగు వాక్యం క్రియ లేకుండా నిలబడదు. ఇంకో సంగతి. "మీరు ఎవరిని సేవింప కోరుకొనినను" అనే ముక్క మూలంలో విడిగా లేదు. అక్కడున్నది 'వ' అనే చిన్న అక్షరం, "నేనైతే" అన్న విరుపు. మనవాళ్లు దాన్ని విప్పి చెప్పారు. బాగా చెప్పారనే నా అభిప్రాయం.

ఈ మాట అన్నది ఎవరో కూడా చూడాలి. యెహోషువ గ్రంథం మొదటి వచనంలో "యెహోవా సేవకుడు" అనే బిరుదు మోషేది. యెహోషువ అప్పటికి మోషే పరిచారకుడు మాత్రమే. మూలంలో మాటలే వేరు: మోషే ఎవెద్, ఇతను 'మెషారేత్', పక్కనుండి అందించేవాడు. చిన్నప్పటి నుంచీ అదే పని అని సంఖ్యాకాండము 11 చెబుతుంది. మోషే గుడారం నుంచి పాళెంలోకి వెళ్లినా ఈ కుర్రవాడు గుడారం వదిలేవాడు కాదని నిర్గమకాండము 33లో ఉంది. తర్వాత యొర్దాను దాటించాడు, యెరికో చూశాడు, భూమి పంచాడు. పుస్తకం పొడుగునా మోషేయే యెహోవా సేవకుడు. ఆ బిరుదు యెహోషువకు దక్కింది 24:29లో, నూట పదేళ్ల వయసులో చనిపోయాడని చెప్పే వాక్యంలో. అడగలేదు, ముందుగా పెట్టుకోలేదు. మనం కొత్త ఇంటి గృహప్రతిష్ఠ రోజు ఈ వాక్యం తగిలిస్తాం. ఆయన మాత్రం బతుకంతా పని చేశాక, చివరి సభలో అన్నాడు.

*

వ్యాఖ్య (తెలుగు మాస్టారు ఒకరు): చాలా బాగుంది బాబూ. ఆ వచనంలోనే "నది అద్దరిని మీ పితరులు సేవించిన దేవతలను" అని ఉంది. అద్దరి అన్న మాట ఇప్పుడెవరికీ తెలియడం లేదు. ఆ + దరి = అద్దరి, త్రికసంధి. అక్కాలం, ఎవ్వాడు లాగా. ఇవతలి గట్టు ఇద్దరి. మా ఊళ్లో ఏటి పక్క ముసలివాళ్లు ఆ మాట వాడేవారు.

జవాబు: మాస్టారూ, నమస్కారం. చదివేటప్పుడు నేను దాన్ని దాటిపోయాను, మీరు పట్టుకున్నారు. ఆ నది యూఫ్రటీసు. మూలంలో 'ఏవెర్ హన్నాహార్', నదికి అవతలి వైపు. అబ్రాహాము, ఆయన తండ్రి తెరహు ఉన్న వైపు. హెబ్రీయుడు అనడానికి వాడే 'ఇవ్రీ' కూడా ఈ ఏవెర్ నుంచే వచ్చిందని, అంటే అద్దరి నుంచి వచ్చినవాడని ఒక వ్యాఖ్యానం ఉంది. యెహోషువ వాళ్ల ముందు రెండు గట్లు పెట్టాడు: తాతలు వదిలివచ్చిన అద్దరి దేవతలు, ఇప్పుడు కాపురమున్న ఇద్దరిలో అమోరీయుల దేవతలు. అద్దరి అన్న మాటను కొత్త అనువాదాల్లో "నదికి అవతల" అని మారిస్తే అర్థం తెలుస్తుంది, గట్టు మాత్రం కనబడదు.

వ్యాఖ్య: "నేనును నా యింటివారును" అన్నాడు సరే. ఇంట్లో వాళ్లను అడిగే అన్నాడా అన్నా? నాకు పెళ్లయిన కొత్తలో మా మామగారు ఇదే వాక్యం చూపించి, ఇంటి విషయాలన్నీ తానే తేల్చేవారు. అప్పటి నుంచి ఆ ఫ్రేము చూస్తే టెన్షన్‌గానే ఉంటుంది.

జవాబు: అమ్మా, అడగాల్సిన ప్రశ్న ఇది. మనకు ఇంటివారు అంటే కుటుంబం, అద్దెకున్నవాళ్లకైతే ఓనర్లు. ఒక ఇంటివాడు అయ్యాడు అంటే పెళ్లయిందని. హీబ్రూలో ఉన్నది 'నా ఇల్లు' అనే. ఆ కాలపు లెక్కలో అందులో భార్యాబిడ్డలు, పనివాళ్లు అందరూ ఉంటారు. అయితే బైబిలులో ఎక్కడా యెహోషువ భార్య పేరు లేదు, పిల్లల పేర్లు లేవు. ఉన్నదల్లా ఆయన 'నేను' అని ముందు తనను పెట్టుకోవడం. ఆ నేను కూడా మామూలు 'అనీ' కాదు, నిండుగా పలికే 'అనోకీ'. సీనాయి దగ్గర పది ఆజ్ఞలు మొదలయ్యేది ఈ మాటతోనే. ఇల్లు దాని వెనకాలే వస్తుంది. పైగా అవద్ దాసుడి క్రియ అని చూశాం కదా. ఆ క్రియను తన మీద వేసుకున్నవాడు ఇంట్లో యజమానిగా కూర్చోవడానికి ఆ వాక్యాన్ని ఎలా వాడుకుంటాడు? మీ మామగారిని తప్పుపట్టడానికి అనడం లేదు, పెద్దాయనకు ఎవరో అలా నేర్పి ఉంటారు. వాక్యంలో మాత్రం ఆ అధికారం నాకు కనబడలేదు.

వ్యాఖ్య: సేవించెదము అన్నది మేమా, మనమా?

జవాబు: క్రియ చివర 'ము' రెంటికీ ఒకటే కాబట్టి వాక్యంలో అది దాగిపోయింది. హీబ్రూలో అసలు ఆ తేడాయే లేదు. తెలుగు చేసేవాళ్లు మా దేవుడా, మన దేవుడా అని ప్రతిచోటా తామే తేల్చుకోవాలి. ఇక్కడ అర్థం మేమే. "మనం సేవిద్దాం రండి" అని ఆయన అనలేదు. మీరు కోరుకోండి, మేము ఇటు, అన్నాడు. జనం 18వ వచనంలో మేము కూడా అంటూ వచ్చారు. వెంటనే సంతోషించి హారతి పట్టాల్సిన మనిషి ఏమన్నాడో చూడండి: మీరు ఆయనను సేవించలేరు, ఆయన పరిశుద్ధుడు, రోషముగల దేవుడు. నాకు ఈ అధ్యాయంలో అన్నిటికంటే గౌరవం కలిగించే చోటు ఇదే. ఊపులో చెయ్యెత్తినవాళ్లను లెక్క రాసుకునే నాయకుడు కాదు. వాళ్లు మళ్లీ అన్నాక, అయితే మీకు మీరే సాక్షులన్నాడు. మీ మధ్యనున్న అన్యదేవతలను తీసెయ్యండన్నాడు. అంటే అప్పటికీ వాళ్ల మధ్య అవి ఉన్నాయి.

ఆ సభ జరిగిన చోటు షెకెము. ఇప్పటి నాబ్లుస్ దగ్గర, గెరిజీము, ఏబాలు కొండల మధ్య. యాకోబు తన ఇంటివారి దగ్గరున్న అన్యదేవతలను తీసుకుని చెట్టు కింద పాతిపెట్టింది షెకెము దగ్గరే, ఆదికాండము 35లో. ఇక్కడా ఒక చెట్టు కిందే యెహోషువ పెద్ద రాయి నిలబెట్టి, యెహోవా మనతో చెప్పిన మాటలన్నీ ఈ రాయి వింది అన్నాడు. 'ఇల్లు', 'అన్యదేవతలు', 'షెకెము' అన్నవి విన్నవాళ్లకు ముత్తాత కథ గుర్తురాకుండా ఉండదు.

వ్యాఖ్య: మరి మీ అక్కగారన్న 'ఆరాధించు' పెడితే తప్పేంటి? గ్రీకులో ఎలా ఉంది?

జవాబు: తప్పని అనను. పాత గ్రీకు అనువాదం సెప్టువజింతులో ఇక్కడ 'లాత్రెవో' వాడారు, అది దేవుని కొలువుకే ఎక్కువ వాడే మాట. చివర "ఆయన పరిశుద్ధుడు గనుక" అని హీబ్రూలో లేని ముక్క కూడా ఉంది. ఆ లాత్రెవో నుంచి వచ్చిన నామవాచకమే రోమా 12:1లో ఉంది. పౌలు అక్కడ శరీరాలను సజీవ యాగంగా సమర్పించుకోమన్నాడు. మన తెలుగులో "ఇట్టి సేవ మీకు యుక్తమైనది". చూడండి, సేవే. ఆరాధన అంటే మనవాళ్లకు ఆదివారం పదింటి నుంచి పన్నెండింటి దాకా జరిగేది. అవద్‌లో సోమవారం కూడా ఉంది, చేతులకు మట్టి ఉంది. యేసు కొండమీద "మీరు దేవునికిని సిరికిని దాసులుగా నుండనేరరు" అన్నప్పుడు ఆ 'నేరరు'లో నాకు షెకెములో ఆ ముసలాయన గొంతే వినిపిస్తుంది. ఇద్దరి పేరూ ఒకటే కదా. హోషేయ అనే అబ్బాయికి మోషే యెహోషువ అని పేరు పెట్టాడు, అది తర్వాత యేషూవ అయింది, గ్రీకు మీదుగా యేసు అయింది. యెహోవా రక్షణ అని అర్థం.

వ్యాఖ్య (మళ్లీ మాస్టారు): అయితే తెలుగు మాట ఒకటి చెప్పు బాబూ. పనీ, భక్తీ రెండూ పట్టేది.

జవాబు: వారమంతా వెతికి చివరికి ఇంట్లోనే దొరికింది మాస్టారూ. మా తాతయ్య కృష్ణా జిల్లాలో పాలేరు. ఏడాదికి ఇన్ని బస్తాల వడ్లని మాట, ఆ బస్తాల్లో సగం అప్పుకే పోయేవి. తెల్లారకముందే గొడ్ల చావిట్లో ఉండేవాడు. చదువు రాదు. వాక్యాలన్నీ పాస్టరుగారి నోట విని పట్టుకున్నవే, పట్టుకున్నవి తన మాటల్లోకి తిరిగిపోయేవి. మేం చిన్నప్పుడు ఆయన్ని సరిదిద్దేవాళ్లం, పుస్తకంలో అలా లేదు తాతయ్యా అని. కొలుచు అంటే భక్తి, కొలువు అంటే ఉద్యోగం. ఇప్పటికీ పేపర్లో సర్కారు కొలువులు అని రాస్తారు. అవద్‌కు దీనికంటే దగ్గరి మాట నాకు దొరకలేదు. దాసుల గృహం అంటే ఏమిటో మా ఇంట్లో తెలిసిన మనిషి ఆయనొక్కడే. రాత్రి ప్రార్థనలో అందరం చాప మీద కూర్చున్నాక, తలకు కట్టిన తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకుని ఆ వాక్యం ఇలా అనేవాడు: "నేనూ నా ఇంటోళ్లూ యెహోవా కొలువులోనే ఉంటాం."