డ్రిఫ్ట్‌లోకి బాగానే పోతున్నా, బయటికొచ్చేటప్పుడే గోడకి తగులుతున్నా

కావలి_కుర్రోడు
అందరికీ నమస్తే. నేను ఫోన్‌లో ఆస్ఫాల్ట్ అనే కార్ రేస్ గేమ్ ఆడతా, అదే 2018లో ఆస్ఫాల్ట్ 9 లెజెండ్స్ అని వచ్చి 2024లో లెజెండ్స్ యునైట్ అని పేరు మారిందే, ఆ గేమ్. మొదట నాలుగు నెలలు టచ్‌డ్రైవ్‌లోనే ఆడాను. స్టీరింగ్ అదే చూసుకుంటుంది కాబట్టి డ్రిఫ్ట్, నైట్రో ఎప్పుడు నొక్కాలో తప్ప పెద్దగా ఆలోచించే పని లేదు. పోయిన నెల మాన్యువల్‌కి మారా. అప్పట్నుంచీ ఒకటే బాధ. మలుపు మొదట్లో బ్రేక్ నొక్కి పట్టుకుంటే కారు చక్కగా పక్కకి జారుతుంది (అదే డ్రిఫ్ట్), కారుని ఒక్కసారిగా ముందుకి తోసే నైట్రో నిండుతుంది, అంతా బాగుందనుకునే లోపల మలుపు అయిపోయే చోట వెనక భాగం బయటి గోడకి తగిలి స్పీడంతా పోతుంది. ఒక్క మలుపైతే ఎట్టనో నెట్టుకొస్తున్నా, ఎడమకి తిరిగిన వెంటనే కుడికి తిరిగే జంట మలుపుల్లో మాత్రం రెండోదాంట్లో తగలకుండా పోయిన రోజు లేదు.

సింగరాయకొండలో మా పిన్ని కొడుకు అదే లాన్సర్ ఎవల్యూషన్ కారుతో, అదే ట్రాక్‌లో నాకంటే మూడు సెకన్లు ముందుంటున్నాడు. అప్‌గ్రేడ్‌లు ఇద్దరివీ ఒకటే, రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూశా. వాడినడిగితే "ఆడతా ఉంటే అదే వస్తదన్నా" అంటాడు గానీ ఏం చేస్తున్నాడో చెప్పలేకపోతున్నాడు. చెప్పగలిగినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, నిజంగా నేర్చుకోవాలనుంది.

పెన్నా_గట్టు
తమ్ముడూ, ముందు ఒకటి చెప్పు. డ్రిఫ్ట్ చేసేటప్పుడు నీ కళ్ళు యాడుంటాయి? కారు మీదా, రోడ్డు మీదా?

కావలి_కుర్రోడు
కారు మీదే అన్నా. ఎంత పక్కకి తిరిగిందో తెలియాలి గదా.

పెన్నా_గట్టు
నీ కష్టం సగం అక్కడే ఉంది. కారు స్క్రీన్ మధ్యలోనే ఉంటుంది, అది యాడికీ పోదు. నువ్వు చూడాల్సింది మలుపు దాటాక రోడ్డు మళ్ళీ తిన్నగా అయ్యే చోటు. నేనూ రెండేళ్ళు కారునే చూస్తూ ఆడినోణ్ణి. ఒకరోజు మా అన్న కూతురు పక్కన కూర్చుని కారు కనపడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి "ఇప్పుడు ఆడు బాబాయ్" అంది. ఆ పిల్ల ఆటపట్టించడానికే పెట్టింది. కానీ ఆ ల్యాప్‌లో నేను ఎప్పుడూ తగిలే సొరంగం మలుపులో తగల్లేదు. కారు కనపడక చూపు దానంతటదే ముందుకి పోయింది, చూపు పోయిన చోటికి వేళ్ళు పోయాయి.

ఇంకోటి, బ్రేక్ మీద వేలు ఎప్పుడు తీస్తున్నావో చూసుకో. వేలు తీసిన క్షణానే కారు తిన్నగా అయిపోదు, తిరుగుతున్న వైపుకి ఇంకాస్త తిరిగి, బయటికి ఇంకాస్త జారి, అప్పుడు కుదురుకుంటుంది. నువ్వు మలుపు చివరిదాకా పట్టుకుని అక్కడ వదులుతున్నావు, కాబట్టి ఆ జారుడంతా గోడ మీదికే పోతోంది. కారు ముక్కు అవతలి రోడ్డు లోపలి అంచు వైపు చూడగానే వదిలెయ్. కారు ఇంకా మలుపులోనే ఉన్నట్టు, తొందరపడి వదిలేసినట్టు అనిపిస్తుంది. మొదటి రెండు రోజులు లోపలి గోడకి తగులుతావు కూడా. తగలనీ.

చీమకుర్తి_టిప్పర్
పెన్నా గట్టు అన్న చెప్పింది ఒకే మలుపుకి సరిపోతుంది. జంట మలుపుల లెక్క వేరే ఉంది, అది నేను చెప్తా.

మా నాన్న ఇరవై ఏళ్ళు గ్రానైట్ బ్లాకుల లారీ తోలాడు, చిన్నప్పుడు సెలవుల్లో నన్ను కూడా క్యాబిన్‌లో కూర్చోబెట్టుకుని పోయేవాడు. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు ఆయన చేసే పని ఒకటి నాకు బాగా గుర్తు. ఎదర ఒకదాని వెంట ఒకటి మలుపులు కనపడితే మొదటిదాంట్లో బండిని వెడల్పుగా పోనిచ్చేవాడు కాదు, నెమ్మదించి లోపలి అంచునే పట్టుకునేవాడు. ఎందుకు నాన్నా అంటే, ఇక్కడ వెడల్పు తీసుకుంటే తర్వాతదానికి రోడ్డు మిగలదురా అనేవాడు.

నీ సంగతీ అదే. ఎడమ మలుపులో పొడుగ్గా జారితే యాడ తేలతావు? రోడ్డుకి కుడి అంచున. తర్వాత వచ్చేది కుడి మలుపు. కుడి మలుపులోకి పోవాల్సింది ఎడమ అంచు నుంచి, అప్పుడే లోపలికి కోసుకుని మళ్ళీ ఎడమకి తేలడానికి జాగా ఉంటుంది. నువ్వు కుడి అంచు నుంచి మొదలుపెడుతున్నావు కాబట్టి బాగా పదునుగా తిప్పాల్సి వస్తోంది, తిప్పేసరికి ఎడమ గోడ వచ్చేస్తోంది. రెండోదాంట్లో తగులుతున్నా తప్పు మొదటిదాంట్లోనే జరుగుతోంది తమ్ముడూ. మొదటి మలుపులో డ్రిఫ్ట్ సగంలో తెంపెయ్, ఎడమ పక్కనే ఉండు, చిటికెడు సేపు కారుని తిన్నగా పోనియ్, అప్పుడు కుడికి నొక్కు. మొదటిదాంట్లో నైట్రో కొంచెం తక్కువ నిండుతుంది, పోతే పోయింది.

అసలు డ్రిఫ్ట్ ఎట్ట పుడుతుందో తెలిస్తే ఇదంతా సులువుగా ఎక్కుతుంది. నిజం కారులో మలుపులోకి పోతూ బ్రేక్ తొక్కితే బరువు ముందు టైర్ల మీదికి వస్తుంది, వెనక టైర్లు తేలికై పట్టు వదులుతాయి, వెనక భాగం బయటికి జారుతుంది. డ్రైవర్ స్టీరింగ్ ఎదురు తిప్పి, యాక్సిలరేటర్‌తో ఆ జారుడుని నిలబెడతాడు. జపాన్‌లో 1970లలో కునిమిత్సు తకహాషి రేసుల్లో ఇట్ట జారిస్తూ పోయేవాడు, తర్వాత కెయిచి సుచియా దాన్ని అందరికీ తెలిసేలా చేశాడు, ఆయన్ని డ్రిఫ్ట్ కింగ్ అంటారు. మన గేమ్‌లో ఆ కష్టం లేదు. బ్రేక్ నొక్కి పట్టుకున్నంతసేపూ కారుని జారుడులో గేమే నిలబెడుతుంది, గిర్రున తిరిగిపోతుందన్న భయం లేదు. నువ్వు స్టీరింగ్‌తో చేసేదల్లా జారుడు ఇరుగ్గా ఉండాలా వెడల్పుగా ఉండాలా అని చెప్పడమే. మలుపు వైపుకి తిప్పితే ఇరుకవుతుంది, ఎదురు తిప్పితే వెడల్పవుతుంది. చాలామంది వీడియోలు చూసి నిజం కారులో లాగా ఎదురు తిప్పుతారు, వెడల్పై గోడకి తగులుతారు. నువ్వు అట్టేమైనా చేస్తున్నావేమో చూసుకో.

ట్రంకురోడ్డు_నెల్లూరు
నైట్రో కోసం డ్రిఫ్ట్ సాగదీయడం మానెయ్ బ్రో. సగం మంది తగిలేది దీనికే. జారుతున్నప్పుడు కారు స్పీడ్ పడిపోతుంది. పడిన స్పీడ్‌కి తగినంత నైట్రో వస్తుందనుకుంటే పొరపాటు. చిన్న వంపుల్లో అసలు డ్రిఫ్ట్ చెయ్యకు, స్టీరింగ్‌తోనే పో. పెద్ద మలుపుల్లో చేసినా బయటికి వచ్చే ముందే నైట్రో ఒకసారి నొక్కు. నైట్రో నొక్కగానే డ్రిఫ్ట్ తెగిపోయి కారు ముక్కు చూస్తున్న వైపుకి తిన్నగా దూసుకుపోతుంది. నీకు కావాల్సింది అదేగా. ముక్కు సరైన వైపు చూస్తోందో లేదో చూసుకుని నొక్కు, లేకపోతే గోడలోకే దూసుకుపోతావు.

తర్వాత నైట్రో బార్‌లో ఎర్ర భాగం వస్తుంది చూడు, అక్కడ రెండోసారి నొక్కితే పర్ఫెక్ట్ నైట్రో పడుతుంది, అంటే ఇంకా గట్టిగా తోస్తుంది. మలుపు చివర మొదటి నొక్కు, తిన్నని రోడ్డు మీద రెండోది. ఈ రెండూ కలిపి చేతికి అలవాటైతే మీ తమ్ముడి మూడు సెకన్లలో రెండు ఇక్కడే దొరుకుతాయి.

బ్రేక్ రెండుసార్లు నొక్కితే వచ్చే 360, అంటే కారు ఉన్నచోటే ఒక చుట్టు తిరిగేది, మాత్రం మలుపుల్లో వాడకు. పక్కన ఎవరన్నా ఉంటే వాళ్ళని కొట్టడానికీ, గాల్లో ఎగిరినప్పుడూ బాగుంటుంది.

వేదాయపాళెం_సాయి
ఇంత కష్టం ఎందుకు, టచ్‌డ్రైవ్‌లోనే ఆడొచ్చుగా. నేను అట్టనే ఆడతా, మంచి ర్యాంకే వచ్చింది.

ట్రంకురోడ్డు_నెల్లూరు
ఆడొచ్చు, తప్పేం లేదు. కానీ టచ్‌డ్రైవ్‌లో స్టీరింగ్ గేమే తిప్పుతుంది. లోపలి అంచున పోవాలా, కొంచెం ముందే తిరగాలా అనేది మన చేతిలో ఉండదు. తమ్ముడు అడిగింది సరిగ్గా దాని గురించే.

పొదిలి_అక్క
నేను ఆస్ఫాల్ట్ ఆడను గానీ డ్రిఫ్ట్ గురించి కాబట్టి రాస్తున్నా. మా తమ్ముడు వస్తూ వస్తూ నింటెండో స్విచ్ గేమ్ మెషిన్ తెచ్చాడు, పిల్లలు పడుకున్నాక రోజూ ఒక అరగంట మారియో కార్ట్ 8 డీలక్స్ ఆడుకుంటా. దాంట్లో డ్రిఫ్ట్ చేస్తుంటే చక్రాల దగ్గర నిప్పురవ్వలు వస్తాయి, మొదట నీలం, తర్వాత నారింజ, చివరికి ఊదా. రంగు మారేకొద్దీ వదిలినప్పుడు వచ్చే తోపు పెద్దదవుతుంది. నేను ప్రతి మలుపులోనూ ఊదా వచ్చేదాకా పట్టుకోవాలని చూసేదాన్ని, మలుపు అయిపోయినా వదిలేదాన్ని కాదు, గడ్డిలోకి పోయేదాన్ని. ఒక వారం పాటు ఊదా రంగు సంగతి మర్చిపోయి చిన్న మలుపుల్లో నీలం రాగానే వదిలేసి చూశా. టైమ్ తగ్గింది. ఏ మలుపులో ఎంత సేపు పడుతుందో ముందే అనుకుని లోపలికి పోవాలి, లోపలికి పోయాక ఆశ పెరగనివ్వకూడదు. పైన టిప్పర్ గారు వాళ్ళ నాన్నగారి గురించి రాసింది చదివితే నాకు అదే అనిపించింది.

దాంట్లో స్టిక్‌ని మలుపు లోపలికి వంచి పట్టుకుంటే రవ్వలు తొందరగా వస్తాయి, బయటికి వంచితే ఆలస్యంగా వస్తాయి. బండి రోడ్డు దిగిపోకుండా గేమే కాసుకునే స్మార్ట్ స్టీరింగ్ ఆన్‌లో ఉంటే ఊదా రంగు అసలు రాదు, పిల్లల కోసం పెట్టి తీయడం మర్చిపోయి చాన్నాళ్ళు ఎందుకు రావట్లేదో తెలియక తిప్పలు పడ్డా.

మద్రాసులో_మనోడు
అక్క ఇంకో గేమ్ గురించి చెప్పింది కాబట్టి నేనూ ఒకటి చెప్తా. మాది నెల్లూరే, మద్రాసులో చదువుకునేటప్పుడు సీట్లో కూర్చుని స్టీరింగ్ తిప్పే మెషిన్ల దగ్గరే నా పాకెట్ మనీ అంతా అయిపోయేది. నామ్కో వాళ్ళ రిడ్జ్ రేసర్, ఇది 1993ది. సెగా వాళ్ళ అవుట్‌రన్ 2, ఇది 2003లో వచ్చింది. రెంటిలోనూ డ్రిఫ్టే ప్రాణం, కానీ మొదలుపెట్టే పద్ధతి వేరు. రిడ్జ్ రేసర్‌లో మలుపు ముందు యాక్సిలరేటర్ మీద కాలు తీసి, స్టీరింగ్ తిప్పి, మళ్ళీ తొక్కాలి, బ్రేక్‌తో పనే ఉండదు. అవుట్‌రన్ 2లో కాలు తీసి, బ్రేక్‌ని ఇట్ట తాకీ తాకనట్టు తాకి, తిప్పుతూ మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కాలి. నేను ఒకదాని అలవాటుతో రెండోది ఆడి బ్రేక్ గట్టిగా తొక్కేవాణ్ణి, కారు జారకుండా నిలబడిపోయేది.

తమ్ముడూ, నువ్వు వేరే కార్ గేమ్‌లు కూడా ఆడుతుంటే ఈ నెల మాత్రం ఒక్కదానితోనే ఉండు. చేతికి ఒక లయ కుదిరేదాకా ఇంకోటి ముట్టుకోవద్దు. ట్రాక్ కూడా ఒక్కటే పెట్టుకో. ఒకే మలుపుని రోజుకి ఇరవైసార్లు తిరుగు. బ్రేక్ ఎక్కడ నొక్కాలో రోడ్డు పక్కన ఒక గుర్తు చూసి పెట్టుకో, స్తంభమో బోర్డో నీడో ఏదైనా సరే. బయటి గోడకి తగిలితే రేపు ఆ గుర్తుకి ఒక కారు పొడుగు ముందే నొక్కు. లోపలికి తగిలితే ఒక కారు పొడుగు ఆలస్యంగా నొక్కు. స్క్రీన్ రికార్డింగ్ పెట్టి రాత్రి నెమ్మదిగా తిప్పి చూడు, ఆడేటప్పుడు నీ వేలు ఎప్పుడు లేచిందో నీకు తెలియదు, వీడియోలో తెలుస్తుంది.

వేదాయపాళెం_సాయి
ఒక చిన్న సంగతి. ఎండాకాలం మధ్యాహ్నం ఫోన్ కాలిపోతుంది, వేడెక్కితే గేమ్ నత్తనడక నడుస్తుంది, వేలు తీశాక కారు స్పందించడానికి టైమ్ పడుతుంది. పౌచ్ తీసేసి, గ్రాఫిక్స్ తగ్గించి, ఛార్జింగ్ పెట్టకుండా ఆడండి. బొటనవేళ్ళకి చెమట పడితే స్క్రీన్ మీద అతుక్కుంటాయి, నేను కొంచెం పౌడర్ రాసుకుంటా.

మైపాడు_అల
దీనికి సంబంధించిందే, అందుకే చెప్తున్నా. మా క్లాస్‌మేట్ ఒకడు ఇట్టాంటి గేమ్‌లు ఆడి ఆడి వాళ్ళ నాన్న కారు తీసుకొచ్చి మైపాడు బీచ్ దగ్గర ఇసుక పడిన రోడ్డు మీద హ్యాండ్‌బ్రేక్ లాగాడు. ఎత్తుగా ఉండే బండి, టైరు ఇసుక దాటి గట్టి రోడ్డు మీదికి రాగానే పట్టుకుంది, బండి పక్కకి పడిపోయింది. వాడికి భుజం ఎముక విరిగింది. వెనక సీట్లో నేనున్నా. టిప్పర్ అన్న పైన చెప్పాడు గదా, గేమ్‌లో జారుడుని గేమే నిలబెడుతుందని. రోడ్డు మీద ఎవరూ నిలబెట్టరు. ఈ చర్చ చదివే చిన్నపిల్లలకి ఈ తేడా తెలియాలి.

కావలి_కుర్రోడు
అందరికీ చాలా థ్యాంక్స్. తొమ్మిది రోజులు ఆగి రాస్తున్నా, చేసి చూడకుండా రాయకూడదనుకున్నా.

ఒక్క ట్రాకే పెట్టుకున్నా, హిమాలయాస్‌లోది. మొదటి రెండు రోజులు పెన్నా గట్టు అన్న చెప్పినట్టే లోపలి వైపుకి తగులుతూనే ఉన్నా. మూడో రోజు రికార్డింగ్ చూస్తే తెలిసింది, నేను వేలు తీశాననుకున్న చోటుకీ నిజంగా తీసిన చోటుకీ చాలా తేడా ఉంది. మలుపు చివర ఒక స్తంభం ఉంది, నా లెక్కలో దానికి ముందే వదిలేస్తున్నా, వీడియోలో చూస్తే స్తంభం దాటాక గానీ టైర్ల పొగ ఆగట్లేదు. అప్పట్నుంచీ "వదులు" అని నోటితో అనుకుంటూ వదిలా. విచిత్రంగా ఉంటుంది గానీ పనిచేసింది. నోటిమాట వచ్చేసరికి వేలు లేస్తోంది.

జంట మలుపులకి టిప్పర్ అన్న చెప్పిందే మందు. మొదటిదాంట్లో సగంలో తెంపేసి ఎడమ అంచున ఉంటే రెండోది ఎంత తేలికైపోయిందంటే, గేమ్‌లో రోడ్డు వెడల్పు చేశారా అనిపించింది. ఎదురు తిప్పడం కూడా నేను చేస్తున్న తప్పే, వీడియోలో స్పష్టంగా కనపడింది. ఇప్పుడు మా తమ్ముడికీ నాకూ తేడా సెకనుకి లోపలే. నిన్న ఫోన్ చేసి ఏం చేస్తున్నావన్నా అని అడిగాడు, ఈ చర్చ లింకే పంపించా.

ఒకటి మాత్రం ఇంకా రావట్లేదు. ట్రంకురోడ్డు బ్రో చెప్పిన రెండు నొక్కుల్లో రెండోది ఎర్ర భాగం దాటాక పడుతోంది. మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు బార్ వైపు చూడాలా, రోడ్డు వైపు చూడాలా?

ట్రంకురోడ్డు_నెల్లూరు
రోడ్డు వైపే చూడు. బార్ చూడకుండా మనసులో లెక్కపెట్టుకో. ముందు తిన్నని రోడ్డు మీద ఒట్టి నైట్రో ఒక్కటే సాధన చెయ్, మొదటి నొక్కుకీ రెండోదానికీ మధ్య ఎంత సేపో నీ చెవికి అలవాటవ్వాలి, శబ్దం పెట్టుకుని ఆడు. అది కుదిరాక మలుపుతో కలుపు. కారు మారిస్తే ఆ లెక్క మళ్ళీ మొదట్నుంచి చూసుకోవాలి, లాన్సర్‌తోనే ఉన్నావు కాబట్టి ప్రస్తుతానికి పర్లేదు.

కావలి_కుర్రోడు
సరే బ్రో, ఈ రాత్రికే మొదలుపెడతా. ఆదివారం తమ్ముడు కావలి వస్తున్నాడు, ఇద్దరం కలిసి ఆ ట్రాక్‌లో పదిసార్లు ఆడి రికార్డింగ్ ఇక్కడ పెడతా, చూసి చెప్పండి.