ఇంగ్లీషులో ఆటమ్ (autumn) అనే కాలాన్ని శరదృతువు అనొచ్చా?

మా అక్క న్యూయార్క్‌లో ఉంటుంది, మొన్న సెంట్రల్ పార్క్‌కి వెళ్లి ఫొటోలు పెట్టింది, ఎల్మ్ చెట్ల కింద బాటంతా పసుప్పచ్చటి ఆకులే, మేపుల్స్ అయితే కుంకుమ చల్లినట్టున్నాయి, కింద "శరదృతువు శోభ" అని రాసింది. నాకు ఆ మాట దగ్గరే మనసు ఆగిపోయింది. నెలల లెక్కకి సరిపోతుంది, ఆశ్వయుజం కార్తీకం శరత్తే. కానీ మన శరత్తులో ఆకులు రాలవు కదండీ. వానలు వెనకబడతాయి, ఆకాశం కడిగినట్టు అవుతుంది, చెరువు నీళ్లు తేటపడతాయి, రెల్లు తెల్లగా పూస్తుంది. నన్నయ గారి ఆఖరి పద్యం "శారదరాత్రులు" చూడండి, చుక్కలు, కలువల వాసన, కర్పూరం పొడి లాంటి వెన్నెల, అందులో ఎండుటాకు ఒక్కటి కూడా లేదు. ఇక్కడ హైదరాబాద్ కేబీఆర్ పార్కులో కూడా అక్టోబర్‌లో అంతా పచ్చగానే ఉంటుంది, ఆకులు రాలి కాళ్లకింద చప్పుడయ్యేది ఫిబ్రవరి మార్చిలో, అంటే శిశిరంలో. అందుకని ఆటమ్‌కి ఆకురాలు కాలం అంటే నయం అనిపిస్తోంది, ఏమంటారు?

జవాబు: శరత్తు కాదన్నది కరెక్టే, మాకు శరత్తంటే గునుగు, తంగేడు, బతుకమ్మనే. కానీ ఆకురాలు కాలం అంటే మనోళ్లకు శిశిరమే గుర్తొస్తది, మళ్లీ అదే తిరకాసు.

జవాబు: రాలడం తర్వాత సంగతండీ, అక్కడ జనం పార్కులకి వెళ్లేది రంగు కోసం. పగటిపొద్దు తగ్గేకొద్దీ ఆకులో పచ్చదనం విరిగిపోయి, లోపల ముందునుంచీ ఉన్న పసుపు బయటపడుద్ది, ఎరుపు మాత్రం చాలావరకు అప్పుడే కొత్తగా తయారవుద్ది. దీనికి మన దగ్గర మాట ఎప్పట్నుంచో ఉంది, ఆకు పండడం. పండుటాకు అంటాం కదా. గోరింటాకు పెట్టుకుంటే చెయ్యి పండింది అంటాం, తాంబూలం వేసుకుంటే నోరు పండింది అంటాం, అక్కడ కూడా రంగు గురించే కదా మనం చెప్పేది. ఆకులు పండే కాలం అంటే సరిపోదా?

అబ్బ, ఎంత మంచి మాట చెప్పారండీ! గోరింటాకు సంగతి నాకు తట్టనే లేదు. ఇప్పుడే అక్కకి ఫోన్ చేసి చెప్పా, కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అవునే, అమ్మ అట్లతద్దికి పెట్టే గోరింటాకు రంగే ఇది" అంది.