మహా సేనాపతుల సొంత లోపాలు: యుద్ధంలో దెబ్బ ఎక్కడ పడింది?

ప్రశ్న – చంద్రగిరివాసి
తిరుపతిలో డిగ్రీ పిల్లల వక్తృత్వ పోటీకి ఈ అంశం ఇచ్చినారు. అందరూ అలెగ్జాండర్ తాగుడు, నెపోలియన్ అహంకారం అనే రాసుకొస్తున్నారు. అలెగ్జాండర్ తాగుతూనే అన్ని యుద్ధాలూ గెలిచినాడు గదా? లోపానికీ ఓటమికీ లంకె ఎట్లా చూపించాలి? మన పక్కవి ఉంటే ఇంకా మేలు.

జవాబు – పాతకోట
తాగుడు పక్కన పెట్టమనండి. క్రీ.పూ. 328లో మరకండ (ఇప్పటి సమర్ఖండ్) విందులో, గ్రానికస్ నది యుద్ధంలో తన ప్రాణం కాపాడిన సేనాని క్లైటస్‌నే అలెగ్జాండర్ మైకంలో ఈటెతో పొడిచి చంపినాడు. ఘోరమే, కానీ దానివల్ల ఓడిన యుద్ధం లేదు. లోపం ఒక ఆజ్ఞగానో, ఇవ్వాల్సిన ఆజ్ఞ ఇవ్వకపోవడంగానో మారిన రోజు దొరకాల.

నెపోలియన్‌లో అది దొరుకుతుంది. 1812 సెప్టెంబర్ 14న మాస్కోలో దిగి అక్టోబర్ 19 దాకా కదల్లేదు. మాస్కో పోయినాక జార్ (రష్యా చక్రవర్తి) సంధికి రాక తప్పదని నమ్మకం. జార్ జవాబే ఇవ్వలేదు. ఈలోగా గుర్రాలకు మేత కరువైంది. మంచు మీద జారకుండా ముల్లున్న నాడాలు కొట్టించాలి, చాలా గుర్రాలకు అదీ చేయలేదు. తిరుగుదోవలో అవి జారిపడితే ఫిరంగులు, బండ్లు అక్కడే వదిలేసినారు. చలే ఓడించిందని పిల్లలు రాస్తే దిద్దండి. మాస్కో చేరేలోపే ప్రధాన సైన్యం సగానికి పైగా కరిగిపోయింది.

జవాబు – పెనుగొండ దారి
మన పక్కన విజయనగరాన్ని నడిపిన అళియ రామరాయలు. దక్కను సుల్తానుల్లో ఒకరి మీద ఇంకొకరిని ఉసిగొల్పడం ఆయన బలం. వాళ్లెప్పటికీ ఒకటి కాలేరన్న ధీమా లోపం. 1565 జనవరిలో తళ్లికోట యుద్ధానికి ఒకటై వచ్చినారు. ముసలితనంలో పల్లకీలో ఉండి యుద్ధం నడిపినాడు, గుర్రమెక్కమంటే వినలేదు అని ఫెరిష్తా రాసినాడు. ఆయన సుల్తానుల పక్షం చరిత్రకారుడు, కాబట్టి మాటలు యథాతథంగా తీసుకోకండి. ఏనుగు దూసుకొస్తే బోయీలు పల్లకీ వదిలేసినారు, రాయలు పట్టుబడినాడు, తల నరికినారు. తల కనబడగానే సైన్యం చెదిరింది. అసలు లోటు ఇక్కడ: ఆయన పోతే పగ్గాలు పట్టి సైన్యాన్ని నిలబెట్టేవాడు లేడు. తమ్ముడు తిరుమలరాయలు ఖజానాతో పెనుగొండ చేరినాడు. మీ చంద్రగిరి రాజధాని అయ్యిందీ ఆ తర్వాతే.

చంద్రగిరివాసి
అన్నా, ఇది బాగా పనికొస్తుంది. గెలిచిన పేరున్నవాడు మొండితనంతో ఓడినది ఏమన్నా ఉందా?

జవాబు – పాతకోట
ఈస్ట్ ఇండియా కంపెనీ సేనాని హెక్టర్ మన్రో. 1764లో బక్సర్ గెలిచినవాడు. 1780 సెప్టెంబర్‌లో కంచిలో ఉన్నాడు. బెయిలీ నడిపే ఇంకో కంపెనీ దండు దాదాపు 14 మైళ్ల దూరంలో పెరంబాకం దగ్గర మైసూరు హైదర్ అలీ సైన్యం మధ్య చిక్కుకుంది. కంచిలోని సామగ్రి వదలనని తాను కదల్లేదు, ఫ్లెచర్ అనే అధికారితో వెయ్యి మందిని మాత్రం పంపినాడు. 10న పొల్లిలూరు దగ్గర మందుగుండు బండ్లు పేలిపోయి బెయిలీ లొంగిపోయినాడు. ఆనక మన్రో పెద్ద ఫిరంగుల్ని కంచి చెరువులో పడేసి చెంగల్పట్టుకు వెనుదిరిగినాడు. ఏ సామగ్రి కోసం కూర్చున్నాడో అదీ దక్కలేదు.

హైదర్ అలీ పేరు కూడా చేర్చండి. అలిసి వెనక్కి పోతున్న మన్రోను పూర్తి బలంతో తరమలేదు, ఆర్కాటు ముట్టడికి తిరిగిపోయినాడు. నవంబర్‌లో ఆర్కాటు చిక్కింది, మద్రాసు మాత్రం ఎప్పటికీ చిక్కలేదు. దాన్ని లోపమనాలా, జాగ్రత్త అనాలా అన్నదాని మీద పిల్లలు రెండు జట్లుగా వాదించవచ్చు.