అప్టన్ పార్కా, లండన్ స్టేడియమా: వెస్ట్ హామ్ గోల నిజంగా తగ్గిందా?

ఈస్ట్‌హామ్ వాసి:
112 ఏళ్లు ఆడిన అప్టన్ పార్క్ వదిలి 2016లో మన లండన్ ఫుట్‌బాల్ క్లబ్ వెస్ట్ హామ్, స్ట్రాట్‌ఫర్డ్‌లో ఒలింపిక్స్ కోసం కట్టిన లండన్ స్టేడియానికి మారింది. అక్కడ పట్టేది 35 వేల మంది, ఇక్కడ 62 వేలు. జనం పెరిగారు, గోల మాత్రం తగ్గిందనే అంటాను. పాత చోట నేను చూసింది మూడే మ్యాచ్‌లు. త్రో-ఇన్ వేసేవాడు నాలుగడుగులు వెనక్కి వేస్తే మన ఒళ్లో కూర్చుంటాడేమో అనిపించేది. మా ముందు వరసలో ఒక పెద్దాయన అవతలి వింగర్‌ని మొదటి నిమిషం నుంచీ ఆటపట్టిస్తూనే ఉన్నాడు. చివరికి ఆ కుర్రాడు వెనక్కి తిరిగి నవ్వేశాడు. ఇప్పుడు సీట్లకీ మైదానానికీ మధ్యలో రన్నింగ్ ట్రాక్. దాని మీద మన క్లబ్ రంగు క్లారెట్, అంటే ముదురు ఎరుపు కార్పెట్ పరిచారు. కార్పెట్ వేస్తే దూరం తగ్గుతుందా?

పై వరస సీటు:
అన్నా, 2022 మార్చి 17 మర్చిపోయావా? యూరప్ క్లబ్‌ల పోటీ యూరోపా లీగ్‌లో స్పెయిన్ జట్టు సెవియాతో రెండు మ్యాచ్‌లు, వాళ్ల ఊళ్లో తొలిది 1-0తో ఓడి వచ్చాం. ఇక్కడ మన సౌచెక్ తలతో కొట్టిన గోల్‌తో రెండు మ్యాచ్‌ల లెక్క సమం చేశాడు. అదనపు సమయంలో మన యార్మొలెంకో గెలుపు గోల్ కొట్టాడు, అప్పటికి వాళ్ల ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలై నెల కూడా కాలేదు. నాకు రెండు రోజులు గొంతు లేదు. ఆ రోజూ ట్రాక్ అక్కడే ఉంది కదా! పైగా గోల్ వెనక కింది సీట్లు అప్పటికే ముందుకు జరిపారు.

ఈస్ట్‌హామ్ వాసి:
పెళ్లి రోజు సందడి చూసి ఇల్లు రోజూ ఇలాగే ఉంటుందంటే ఎలా తమ్ముడూ? చలికాలం శనివారం, స్కోరు 0-0. నేను అడిగేది ఆ రోజు సంగతి.

గ్రీన్ స్ట్రీట్ పాతకాపు:
మీరిద్దరూ సీట్ల దగ్గరే ఆగిపోయారు. అప్టన్ పార్క్ పక్కనున్న గ్రీన్ స్ట్రీట్‌లో బట్టల షాపులో పనిచేసినవాణ్ణి, చెప్తా వినండి. రైలు దిగినవాళ్లు చీరల దుకాణాలు, క్వీన్స్ మార్కెట్ దాటుకుని ఇరుకు వీధిలో ఒకరినొకరు రాసుకుంటూ నడిచేవాళ్లు. పోలీసు గుర్రాలు, వేగే ఉల్లిపాయల వాసన, రెండు గంటల ముందే మన క్లబ్ పాట బబుల్స్. మా ఓనర్‌కి టెన్షన్, షట్టర్ సగం దించేవాడు. లోపలికి వెళ్లేసరికి గొంతులు కాగి ఉండేవి. ఇప్పుడు స్ట్రాట్‌ఫర్డ్‌లో దిగి మాల్ పక్కనుంచి, షాపింగ్ సంచులు తప్పించుకుంటూ వెళ్లాలి. ఆ దారిలో పాట ఎవడెత్తుకుంటాడు?

క్లారెట్ అమ్మ:
అందరూ మగవాళ్ల జ్ఞాపకాలే చెప్తున్నారు. పాత చోట టికెట్ నాకు ఏనాడైనా దొరికిందా? మారిన ఏడాది పిల్లల సీజన్ టికెట్ 99 పౌండ్లకి ఇచ్చారు, మా అమ్మాయిని అప్పుడే మొదటిసారి తీసుకెళ్లాను. దానికి బబుల్స్ అంటే ఈ స్టేడియమే. మీ ట్రాక్ దానికి కనపడదు.

ఈస్ట్‌హామ్ వాసి:
అక్కా, టికెట్ మాట ఒప్పుకుంటాను. పాతకాపు గారి మాటైతే నాకు ముందే తట్టాల్సింది. ట్రాక్ తీసేసినా ఆ వీధి రాదు. పాత గ్రౌండ్ స్థలంలో ఇప్పుడు ఫ్లాట్లు. మొన్న మ్యాచ్ రోజు అటు వెళ్తే, బార్కింగ్ రోడ్ మూల మీద క్లారెట్ కండువాలతో ఇద్దరు తాతలు కనిపించారు. స్ట్రాట్‌ఫర్డ్ వెళ్లడానికి బస్సు కోసం చూస్తున్నారు.