ఏఎఫ్ఎల్‌డబ్ల్యూ డిఫెండర్లకు విడిగా అవార్డు ఉండాలా?

టార్నీట్ నాన్న:

అందరికీ నమస్కారం. మేము ఉండేది మెల్‌బోర్న్ పడమటి వైపు, టార్నీట్‌లో. మా అమ్మాయికి పన్నెండేళ్లు, ఇక్కడి జూనియర్ జట్టులో ఫుటీ ఆడుతుంది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, ఫుటీ అంటే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. కోలగా ఉండే బంతి, రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. మధ్య రెండింటి నడుమ నుంచి తన్నితే గోల్, ఆరు పాయింట్లు. పక్క సందులోంచి పోతే బిహైండ్, ఒక్క పాయింటు. మా అమ్మాయి వెనక వరసలో, డిఫెన్స్‌లో ఆడుతుంది.

మొన్న మ్యాచ్ అయ్యాక కారులో అడిగింది: "నాన్నా, నేను వెనకే ఆడితే నాకు ఎప్పటికీ బెస్ట్ ప్లేయర్ రాదా?"

వస్తుందిలే అన్నాను గానీ, ఇంటికొచ్చాక మహిళల లీగ్ ఏఎఫ్ఎల్‌డబ్ల్యూలో సీజన్ మొత్తానికి ఉత్తమ ఆటగత్తెకిచ్చే 'బెస్ట్ అండ్ ఫెయిరెస్ట్' అవార్డు విజేతల జాబితా తీసి చూశాను. 2017లో లీగ్ మొదలైంది. ఎరిన్ ఫిలిప్స్ రెండుసార్లు (2017, 2019), మధ్యలో ఎమ్మా కియర్నీ, తర్వాత మాడిసన్ ప్రెస్పాకిస్, 2021లో సమానంగా నిలిచిన బ్రియానా డేవీ, కియారా బవర్స్, ఆపైన ఎమిలీ బేట్స్, ఆలీ ఆండర్సన్, మోనిక్ కాంటి, 2024లో ఎబొనీ మారినోఫ్. వీళ్లలో డిఫెండర్‌గా ఆడి గెలిచినవాళ్లు ఒక్కరూ లేరు. కియర్నీ తర్వాత్తర్వాత డిఫెన్స్‌లోని హాఫ్ బ్యాక్ చోటికి మారింది గానీ, 2018లో ఆ అవార్డు వచ్చింది మైదానం మధ్యలో, మిడ్‌ఫీల్డ్‌లో ఆడినప్పుడే.

గోల్స్ ఎక్కువ కొట్టిన ఆమెకు విడిగా అవార్డు ఉంది. గోల్స్ పడకుండా ఆపిన ఆమెకు లేదు. ఉండాలని నేనంటాను. మీరేమంటారు?

అడిలైడ్ రవి:

నేను ఒప్పుకోను అన్నా. ఆ అవార్డుకి ఓట్లు వేసేది మైదానంలో ఉన్న అంపైర్లు. మ్యాచ్ అవగానే ముగ్గురు ఆటగాళ్లకు 3, 2, 1 చొప్పున ఇస్తారు. వాళ్లు రోజంతా బంతి వెంటే ఉంటారు, బంతి ఎక్కువసేపు ఉండేది మిడ్‌ఫీల్డర్ల దగ్గర. ఇది ఆడవాళ్ల ఆటకే వచ్చిన సమస్య కాదు. మగవాళ్ల లీగ్‌లో ఇలాంటిదే అయిన బ్రౌన్‌లో మెడల్ చూడండి, డిఫెండర్‌గా ఆడి గెలిచినవాడి కోసం 1993 దాకా, ఎసెండన్ క్లబ్బు గావిన్ వాంగనీన్ దాకా వెనక్కి వెళ్లాలి.

కానీ అసలైన రోజున డిఫెండర్‌ని ఎవరూ మరిచిపోలేదు. 2021 ఏప్రిల్‌లో అడిలైడ్ ఓవల్‌లో గ్రాండ్ ఫైనల్ చూశాను. మా అడిలైడ్ మీద బ్రిస్బేన్ 38-20తో గెలిచింది. మేం వాళ్ల గోల్ వైపు కొట్టిన బంతి ప్రతిసారీ వెనక్కి వచ్చేసేది. అక్కడ బ్రిస్బేన్ డిఫెండర్ కేట్ లట్కిన్స్ ఉంది మరి. ఆ రోజు బెస్ట్ ప్లేయర్ మెడల్ ఆమెకే వచ్చింది. మా జట్టు ఓడిందని బాధ ఉన్నా లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. విడిగా అవార్డు పెడితే అది ఓదార్పు బహుమతి అయిపోతుంది.

కబడ్డీ సుజాత:

నేను వరంగల్‌లో కాలేజీ రోజుల్లో లెఫ్ట్ కార్నర్ ఆడాను. ఫుటీ చూడటం మొదలుపెట్టి రెండేళ్లే అయింది, తప్పుంటే చెప్పండి.

కబడ్డీలో కూడా పేరంతా రైడర్‌దే. కానీ చీలమండ పట్టుకుని రైడర్‌ని ఆపితే మా జట్టుకి పాయింటు వస్తుంది, బోర్డు మీద పడుతుంది, మా ఊళ్లో ముసలివాళ్లు కూడా చూసి ఈల వేస్తారు. ఫుటీలో డిఫెండర్ గాల్లోకి ఎగిరి, ప్రత్యర్థి పట్టబోయే బంతిని పిడికిలితో గుద్ది పక్కకి పంపుతుంది. స్పాయిల్ అంటారు. దానికి బోర్డు మీద ఏమీ రాదు. ఇంకా విచిత్రం, వేరే దారి లేక డిఫెండర్ బంతిని తన గోల్ గీత దాటిస్తే ఆరు పాయింట్లు మిగిల్చినా అవతలి జట్టుకి ఒక పాయింటు వస్తుంది. మంచి పని చేసినా లెక్కలో నష్టమే కనిపించే చోటు అది. అందుకే అంపైర్లని తప్పుపట్టలేను. ఆట లెక్క కట్టే పద్ధతే ముందు నుంచి అలా ఉంది.

బ్రిస్బేన్ గీత:

రవి గారు లట్కిన్స్ పేరు తీశారు కాబట్టి మిగతాది నేను చెప్తాను. 2022 నవంబర్ 27న గ్రాండ్ ఫైనల్‌కి బ్రిస్బేన్ దగ్గరి స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్నాను. మెల్‌బోర్న్ 19, బ్రిస్బేన్ 15. గ్రాండ్ ఫైనల్ మొత్తంలో రెండు జట్లూ కలిపి కొట్టింది నాలుగే గోల్స్! మా జట్టు ఓడిపోయింది, అయినా మెడల్ మా డిఫెండర్ షానన్ క్యాంప్‌బెల్‌కి ఇచ్చారు. మరుసటి ఏడు నార్త్ మెల్‌బోర్న్ మీద 44-27తో గెలిచినప్పుడు మా కెప్టెన్ బ్రియానా కోనెన్‌కి వచ్చింది. ఆమె కూడా డిఫెండరే.

మూడేళ్లలో ముగ్గురు డిఫెండర్లు. గ్రాండ్ ఫైనల్ మెడల్‌కి ఓట్లు వేసేది అంపైర్లు కాదు, పైనుంచి మైదానమంతా చూసే ప్యానెల్. చూసే చోటు మారగానే పేర్లు మారాయి. మీ ఉదాహరణే మీ వాదనకి ఎదురు నిలుస్తోంది రవి గారూ.

ఇది కప్పుల గొడవ మాత్రమే కాదు. 2022 ఆగస్టులో మొదలైన ఆ సీజన్‌లో జట్టుకి 30 మంది, జీతాలు నాలుగు మెట్లు. పై మెట్టు 71,935 డాలర్లు, ఇద్దరికే. కింది మెట్టు 39,184, పదహారు మందికి. పేరు వినిపించని అమ్మాయి ఏ మెట్టు మీద నిలబడుతుంది? ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం ప్రాక్టీసుకి వెళ్లేవాళ్లకి ఆ తేడా అద్దె డబ్బులు.

అడిలైడ్ రవి:

ప్యానెల్ సంగతి నిజమే గీత గారూ, అది ఒప్పుకుంటాను. కానీ ఒకటి ఆలోచించండి. కోచ్‌లు ఓట్లు వేసే అవార్డు కూడా లీగ్‌లో ఉంది. డిఫెండర్ విలువ కోచ్‌లకన్నా ఎవరికి తెలుసు? అక్కడా జాస్మిన్ గార్నర్ లాంటి మిడ్‌ఫీల్డర్లే గెలిచారు.

ఇక క్లబ్బులు గుర్తించవంటే నమ్మను. లిబ్బీ బర్చ్ సంగతి చూడండి. నెట్‌బాల్ నుంచి వచ్చిన డిఫెండర్. 2018లో వెస్టర్న్ బుల్‌డాగ్స్‌తో కప్పు, 2022లో మెల్‌బోర్న్‌తో, 2024లో నార్త్ మెల్‌బోర్న్‌తో. మూడు క్లబ్బులతో మూడు కప్పులు గెలిచిన మొదటి ఆటగత్తె ఆమె. ఆమె విలువ తెలియకుండానే క్లబ్బులు పిలిచాయా?

అప్పటి మా అడిలైడ్ కెప్టెన్ చెల్సీ రాండల్ కూడా. 2021లో గ్రాండ్ ఫైనల్‌కి ముందు జరిగే ప్రిలిమినరీ ఫైనల్లో బంతి మీదే కళ్లు పెట్టి వెనక్కి పరిగెత్తి ఢీకొంది. ముందు ఎవరు వస్తున్నారో కనపడదు, అయినా వెళ్లింది. తలకి దెబ్బ తగిలితే కనీసం 12 రోజులు ఆడకూడదన్న నిబంధన వల్ల గ్రాండ్ ఫైనల్ పోయింది. కెప్టెన్ ట్రాక్ సూట్‌లో మైదానం బయట నిలబడి ఉంటే ఏడుపొచ్చింది. ఏ మెడల్ లేకపోయినా ఈ ఊళ్లో ఆమెని ఎవరూ మరిచిపోరు.

టార్నీట్ నాన్న:

రవీ, నువ్వు చెప్పిన రాండల్ సంగతి మా అమ్మాయికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

కోచ్‌ల ఓట్ల సంగతి నాకు తట్టలేదు, అది గట్టి మాటే. కానీ దానితో నా నమ్మకం ఇంకా పెరిగింది. ఎవరు ఓటు వేసినా ఒకే అవార్డుకి మిడ్‌ఫీల్డర్ని, డిఫెండర్ని పక్కపక్కన పెడితే ముప్ఫైసార్లు బంతి పట్టిన ఆమే కనిపిస్తుంది. అందుకే విడిగా కావాలంటున్నా. ఎక్కువ గోల్స్ కొట్టిన ఆమెకిచ్చే అవార్డుని ఎవరూ ఓదార్పు బహుమతి అనరు కదా?

అడిలైడ్ రవి:

అనరు. కానీ గోల్స్ లెక్కపెట్టడం తేలిక. డిఫెండర్‌కి ఏం లెక్కపెడతావు? స్పాయిల్స్ మాత్రమే లెక్కేస్తే, పట్టగలిగే బంతిని కూడా గుద్దడం మొదలుపెడతారు. ఇది తేలితే నీ పక్షానికి వస్తాను.

టార్నీట్ నాన్న:

సరే, శనివారం మా అమ్మాయి మ్యాచ్‌కి నోటుబుక్కు తీసుకెళ్తున్నా. స్పాయిల్స్, గాల్లో అడ్డుపడి పట్టిన బంతులు (వాటినే మార్కులు అంటారు), ట్యాకిల్స్. ఇంకేమైనా రాయాలా?

కబడ్డీ సుజాత:

ఇంకొకటి రాయండి. మీ అమ్మాయి పక్కనే ఉండటం వల్ల అవతలి ఫార్వర్డ్ (గోల్స్ కొట్టే ఆటగత్తె) వైపు బంతి కొట్టకుండా వేరేవైపు కొట్టినవి ఎన్నో. కార్నర్‌లో నేను నిలబడితే కొందరు రైడర్లు నా వైపు వచ్చేవాళ్లే కాదు, అది ఎవరూ రాయలేదు.